లండను నుంచి డెబ్భై వరసలు

తంగెళ్ళమూడి తివాచీ నేతగాళ్ళలో ఇమాం సాహెబ్ అంత అనుమానం మనిషిని నేను చూడలేదు. ఏలూరు పోస్టాఫీసులో పదహారేళ్ళుగా గుమాస్తా పని చేస్తున్నాను. కిటికీ వెనక కూర్చునే ఉద్యోగం కనక మనుషులు రకరకాలుగా కనిపిస్తారు. కార్డు ముక్క డబ్బాలో వేసి, పడిందో లేదో అని వేళ్ళు దూర్చి చూసేవాళ్ళు రోజూ ఉంటారు. ఇమాం సాహెబ్ ఆ కోవలోకి రాడు. ఉత్తరం డబ్బాలో వేశాక ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చునేవాడు. మేం దాన్ని బయటికి తీసి, ముద్ర కొట్టి, సంచీలో వేసి, ఆ సంచీ స్టేషను దారి పట్టేదాకా కదిలేవాడు కాదు. అప్పుడు లేచి, లుంగీ దులుపుకుని, నా వైపు ఒక చూపు చూసి వెళ్ళేవాడు. ఆ చూపు నాకు ఒళ్ళు మండించేది.

జనపనార మిల్లు కూత ఎనిమిదింటికి వినిపిస్తే, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసి, "ఇవాళ ముందే కూయించారండీ, కూలీల దగ్గర ఐదు నిమిషాలు కొట్టేశారు" అనేవాడు. చేపలమ్మే ఏసోబు కొల్లేటి నుంచి చేపలు తెస్తే, నిన్నటివో ఇవాళ్టివో తేల్చడానికి చేప కంటే ఏసోబు మొహమే ఎక్కువసేపు చూసేవాడు.

ఊరికే రాలేదు ఆ అనుమానం. ఆయనకి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్నని కాలవ గట్టు మీద ఒకాయన ఆపి, "పడవ కదిలిపోతోంది, వేలు పెట్టు, పెట్టు" అని తొందరపెట్టి ఒక కాయితం మీద ముద్ర వేయించుకున్నాడట. నెల తిరక్కుండా పాత ఇల్లు వాళ్ళది కాకుండా పోయింది. అప్పటినుంచి ఇమాం సాహెబ్ దృష్టిలో తొందరపెట్టేవాడు దొంగ. అందులో రెండో మాట లేదు.

లోకంలో ఆయన నమ్మింది రెండింటినే. ఒకటి మగ్గం, రెండు తమ్ముడు అబ్దుల్ హమీద్. అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని నేసేవాళ్ళు. నమూనా అన్న తలలో ఉండేది. "రెండు ఎరుపు, ఒకటి నీలం, మూడు వదిలెయ్" అని ఆయన అంటూంటే తమ్ముడి వేళ్ళు ముళ్ళు వేస్తూ పోయేవి. వాళ్ళ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త తివాచీకి పడుగు మీద మొదటి ముడి ఎవరు వేస్తే, పని పూర్తయ్యాక మగ్గం నుంచి దాన్ని కోసి దించేది కూడా వాళ్ళే. మరొకరు కత్తెర పెట్టకూడదు.

1933లో తివాచీల వర్తకుడొకాయన హమీదుని లండను తీసుకెళ్ళాడు. అక్కడ ఒక పెద్ద దుకాణం అద్దాల వెనక మగ్గం పెట్టి, దొరలూ దొరసానులూ చూస్తూండగా నేయాలి. ఏడాది ఒప్పందం. బయల్దేరే రోజు హమీదు కొత్త పడుగు మీద మొదటి ముడి వేసి, "అన్నయ్యా, నువ్వు నేస్తూ ఉండు. కోయడానికి నేనొస్తా" అన్నాడట. ఈ సంగతి నాకు హమీదు భార్య బద్రున్నీసా చెప్పింది.

హమీదు నెలకొక ఉత్తరం వేసేవాడు. చదువుకోడానికి అక్కడికి వెళ్ళిన రాజమండ్రి ప్లీడరు గారి కొడుకు ఒకతను రాసిపెట్టేవాడు. ఇమాం సాహెబ్ కి తెలుగు చదవడం రాదు. నా ఇల్లు కూడా అటేపే కనక, సాయంత్రం ఆఫీసు కట్టేశాక నేనే పట్టుకెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. చదివించుకుని ఆయన నన్ను నమ్మేవాడా అంటే, అదీ లేదు. "తారీఖు మళ్ళీ చదవండి" అని మూడుసార్లు అడిగేవాడు. మగ్గానికి ఎడమ అంచున, ప్రతి రోజూ పని మొదలుపెట్టిన వరస దగ్గర తెల్ల పోగు, ఉత్తరం వచ్చిన వరస దగ్గర ఎర్ర ఊలు పోగు కట్టేవాడు. ఉత్తరం మీది తారీఖు నుంచి తను ఎన్ని వరసలు నేశాడో వేలితో లెక్కపెట్టేవాడు. ఒక్కడే కూర్చుంటే రోజుకి ఎనిమిది వరసలు, శుక్రవారం సెలవు. లండను ఉత్తరానికి తక్కువలో తక్కువ నూట ఇరవై పైన వరసలు పట్టేది. అంటే పద్దెనిమిది రోజులు. ఆ లెక్క కుదిరితేనే అది తమ్ముడి ఉత్తరమని ఒప్పుకునేవాడు.

1934 సెప్టెంబరు పదో తారీఖు సోమవారం వచ్చిన ఉత్తరానికి ఆ లెక్క కుదరలేదు. పల్చటి కవరు, మీద ఎయిర్ మెయిల్ అని నీలం చీటీ. అలాంటిది మా ఆఫీసుకి రావడమే అరుదు. నేను సంబరంగా పట్టుకెళ్ళాను. ఇమాం సాహెబ్ మగ్గం మీద ఉన్నాడు. పక్కన తమ్ముడి చోటు ఖాళీ. అయినా "రెండు ఎరుపు, ఒకటి నీలం" అని పైకే అంటున్నాడు. తెర వెనక బద్రున్నీసా ఊలు వడుకుతోంది.

నేను చదివాను. "అన్నయ్యకి సలాములు. నా ఏడాది గడువు అయిపోయింది. దుకాణం వారు ఇంకో ఐదేళ్ళు ఉండమంటున్నారు. నాకు ఎటూ పాలుపోవడం లేదు. నువ్వు రమ్మంటే ఈ నెల ఇరవైతొమ్మిదిన కదిలే ఓడ ఎక్కేస్తాను. ఉండమంటే సంతకం పెడతాను. ఇరవైతొమ్మిది మధ్యాహ్నం లోగా వాళ్ళకి మాట చెప్పాలి. అందుకే ఇది ఏరోప్లేను మీద వేయిస్తున్నాను. నువ్వు కూడా ఏరోప్లేను మీదే జవాబు వేయించు. ఒక్క మాట చాలు."

తెర వెనక రాట్నం ఆగింది. "రమ్మని రాయించండి బావగారూ. ఇప్పుడే రాయించండి" అంది బద్రున్నీసా.

ఇమాం సాహెబ్ ఆ మాట విన్నట్టే లేదు. "తారీఖు ఎంతండీ?" అన్నాడు.

"ఆగస్టు ముప్ఫై ఒకటి."

ఆయన వేలు మగ్గం అంచు మీద కిందికి దిగి, తెల్ల పోగుల్ని లెక్కపెట్టుకుంటూ పైకి వచ్చింది. మళ్ళీ దిగింది. మళ్ళీ వచ్చింది. "డెబ్భై వరసలు," అన్నాడు చివరికి. "లండను నుంచి డెబ్భై వరసల్లో ఉత్తరం రాదు. ఇది దగ్గర్లో పుట్టిన ఉత్తరం. బొంబాయిలోనో, మెడ్రాసులోనో."

"ఏరోప్లేను మీద వచ్చిందండీ సాహెబుగారూ!"

"అదే అంటున్నా. ఎందుకండీ అంత తొందర? ఇరవైతొమ్మిది లోగా చెప్పు, మధ్యాహ్నం లోగా చెప్పు, ఏరోప్లేను మీద చెప్పు. మా హమీదు నన్ను ఎప్పుడైనా తొందరపెట్టాడా? ఇది ఆ వర్తకుడు రాయించిన ఉత్తరం. నా చేత ఏదో ఒకటి రాయించుకుని దాన్ని వాడుకోవాలని."

"ఆయనకి మీ మాటతో పనేముంటుందండీ?"

"అదే నాకూ తెలియాలి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కిటికీ తీసేసరికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఆలోచించినట్టుంది. ఆ మొహం చూసి నాకు జాలి వేసింది, ఒప్పుకుంటాను. ఈ మనిషికి అర్థమయ్యేలా చెప్పాలనిపించి, గోడకి అంటించి ఉన్న ఎయిర్ మెయిల్ పట్టిక దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఇదిగో చూడండి. లండను పక్కన క్రాయిడన్ అని ఏరోప్లేనులు లేచే చోటు. ఇది కరాచీ. మధ్యలో ఐదువేల మైళ్ళ పైన. ఏడు రోజులు. శనివారం లేచి శుక్రవారం దిగుతుంది. కరాచీ నుంచి చిన్న ఏరోప్లేను మీద బొంబాయి, మెడ్రాసు. అక్కణ్ణుంచి మన మెయిలు బండి. అంతా కలిపి పది రోజులు."

ఆయన ఆ పట్టికని, నమూనా కాయితాన్ని చూసినట్టు, పై నుంచి కిందికి చూశాడు. "గంటకి ఎంత పోతుందండీ?"

"నూరు మైళ్ళు."

పెదవులు కదిపి లెక్క వేశాడు. "ఐదువేలకి యాభై గంటలు. అంటే రెండు రోజులు, కాస్త పైన. మరి ఏడు రోజులెందుకండీ? మిగతా ఐదు రోజులు ఏం చేస్తున్నట్టు?"

నిన్న తొందరగా వచ్చిందని తగువు. ఇవాళ ఆలస్యంగా వచ్చిందని తగువు! "రాత్రిళ్ళు దిగిపోతుందండీ. నూనె పోసుకోవాలి. ఎడారిలో కూడా దిగుతుంది."

"ఎడారిలో ఎవరుంటారండీ నూనె పొయ్యడానికి?"

"ఉంటారండీ!"

"ఇక్కడేదో రైలు బొమ్మ ఉందే?"

అదొకటి. పారిస్ లో టపా అంతా దించి, ఇటలీ కొస దాకా రైలెక్కిస్తారు. అక్కడ మళ్ళీ ఏరోప్లేను. ఎందుకో నాకూ తెలియదు. అదే చెప్పాను. చెప్పి ఉండకూడదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏరోప్లేనుకి రైలెందుకండీ మూర్తిగారూ? ఎగిరేది నిజమైతే రైలెక్కడమెందుకు? కొల్లేటికి ఏటేటా గూడబాతులు వస్తాయి. ఎక్కడినుంచో ఏసోబుకీ తెలియదు. కానీ దారిలో రైలెక్కొచ్చాయని ఎవరూ అనలేదు."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కవరు ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, "ఈ ముద్రలు చూడండి! ఇది లండను, ఇది కరాచీ, తారీఖులతో సహా ఉన్నాయి. ఇవి కూడా అబద్ధమేనా?" అన్నాను.

ఆయన నెమ్మదిగా, మర్యాదగా, నా బల్ల మీదున్న ముద్ర వైపు చూపించాడు. "ముద్రలు కొట్టేది మీరే కదండీ," అన్నాడు.

పదిమంది ఎదుట అన్నాడు. నలుగురి ఉత్తరాలూ చదివిపెట్టి, రాసిపెట్టి, వాన కురుస్తున్నా ఇంటికి మోసుకెళ్ళి ఇచ్చినందుకు నాకు దక్కిన మాట అది. నా చెవులు మండిపోయాయి. వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

కాసేపటికి ఆయనే కిటికీ దగ్గరికి వచ్చాడు. "జవాబు రాసిపెట్టండి," అన్నాడు, ఏమీ జరగనట్టు.

"ఏం రాయమంటారు?"

గొంతు తగ్గించి, "రా," అన్నాడు. "అంతే. రా అని రాయండి."

అంతవరకూ ఆయన అనుమానమే చూశాను. ఆ ఒక్క మాటలో ఏడాదిగా ఖాళీగా ఉన్న చోటంతా వినిపించింది. రాశాను. కాయితం మధ్యలో ఒకే ఒక్క అక్షరం. కింద ఆయన వేలిముద్ర.

"ఓడ మీదే వేయండి," అన్నాడు. "హమీదు నిజంగా లండనులో ఉంటే ఓడ మీద చేరుతుంది. ఉత్తరం దొంగదైతే చేరదు, తేలిపోతుంది. ఇవాళ పదకొండు. పద్దెనిమిది రోజులు కలిపితే ఇరవైతొమ్మిది. సరిగ్గా సరిపోతుంది. అవునా కాదాండీ?"

అవునా కాదా అని అడిగాడు. నన్నే అడిగాడు. నా కళ్ళలోకి చూస్తూ అడిగాడు.

సరిపోదు. ఆ సంగతి ఆ క్షణాన ఏలూరు మొత్తం మీద నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. విలాయతీ టపా ఓడ బొంబాయిలో కదిలేది శనివారం ఒక్కరోజే. అక్కడ హమీదు ఆ లెక్క చూసుకుని రాయిస్తాడు కనక అతని ఉత్తరాలు పద్దెనిమిది రోజుల్లో వచ్చేవి. ఇక్కడ మంగళవారం వేసిన ఉత్తరం గురువారం దాకా స్టేషనులోనే విలాయతీ సంచీలో పడుంటుంది. లండను చేరేది అక్టోబరు ఒకటి, సోమవారం. రెండు రోజులు ఆలస్యం.

"మీ లెక్క మీకు తెలుసు కదండీ," అన్నాను.

ముద్ర తీసుకుని గట్టిగా కొట్టాను. ఏలూరు, 11 సెప్టెంబరు. అంత స్పష్టంగా నేను ఇంకెప్పుడూ కొట్టలేదు. ఆయన అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చుని సంచీ స్టేషనుకి వెళ్ళేదాకా చూశాడు. సంచీ కట్టడానికి ఇంకా మూడు గంటల టైముంది. నీలం చీటీ ఒకటి అంటించి, ఆ పైన పట్టే తపాలా బిళ్ళలేవో నేనే వేస్తే పోయేది. వెళ్ళి అరుగు దగ్గర ఒక్క మాట చెబితే పోయేది. పాడు మనిషి, అనుభవించనీ అనుకున్నాను. మూడు గంటలూ అదే అనుకుంటూ కూర్చున్నాను.

ఇంటికెళ్ళాక నా భార్య సుబ్బలక్ష్మి "అలా ఉన్నారేం?" అని అడిగింది. తలనొప్పి అన్నాను. మర్నాడు పోస్టాఫీసుకి వెళ్ళగానే చెప్పేద్దామనుకున్నాను. బుధవారం చెప్పినా ఏరోప్లేను అందేది. చెప్పలేదు. గురువారం సంచీ బొంబాయి దారి పట్టాక, ఇంక చెప్పి లాభం లేదు అనుకుని కొంత తేలికపడ్డాను కూడా. మనిషి బుద్ధి ఎంత నీచానికి దిగుతుందో అప్పుడే తెలిసింది.

ఆ నెలలోనే తివాచీ పూర్తయింది. చివరి వరస నేసి, నేత దువ్వెనతో కొట్టి, ఇమాం సాహెబ్ కత్తెర మగ్గం కర్రకి తగిలించాడు. "వాడొచ్చి కోస్తాడు," అన్నాడు నాతో. బద్రున్నీసా గోడలకి సున్నం వేయించింది. దారిలో వాళ్ళెవరైనా కనిపిస్తే నేను పక్క వీధిలోంచి వెళ్ళిపోయేవాణ్ణి.

అక్టోబరు పదిహేనున నీలం చీటీ ఉత్తరం వచ్చింది. సాయంత్రం పట్టుకెళ్ళాను. తెర పక్కకి తొలగింది. బద్రున్నీసా గుమ్మంలో నిలబడింది. చదివాను.

"అన్నయ్యకి సలాములు. ఇరవైతొమ్మిది మధ్యాహ్నం దాకా వాకిట్లోనే నిలబడ్డాను. పొద్దుటి టపా వచ్చింది. నీ ఉత్తరం లేదు. దుకాణం వారు కాయితం పట్టుకుని కూర్చున్నారు. నువ్వు జవాబు ఇవ్వకపోవడమే జవాబు అనుకున్నాను. నన్ను రావద్దంటున్నావనుకున్నాను. ఐదేళ్ళకి సంతకం పెట్టాను. సాయంత్రం ఓడ వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున నీ ఉత్తరం అందింది. రా అని ఉంది. కవరు మీద ఏలూరు ముద్ర చూశాను, పదకొండో తారీఖు. నువ్వు ఆలస్యం చెయ్యలేదు. నా రాతే అలా ఉంది. రెండు రోజులు అన్నయ్యా."

బద్రున్నీసా ఏడవలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఇమాం సాహెబ్ మగ్గం దగ్గరికి నడిచి, మొదటి ముడి ఉన్న అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. తర్వాత కత్తెర తీసుకున్నాడు. నేను వద్దన్నట్టు చెయ్యెత్తాను. ఆయన చూడలేదు. పడుగు దారాలు ఒక్కొక్కటీ తెగుతూంటే ఆ చప్పుడు వినలేక నేను నేల చూశాను. తివాచీ కింద పడింది. తమ్ముడు కోయవలసిన తివాచీ అన్న కోశాడు.

"ఓడ ఆపుంటారు," అన్నాడు. "బొంబాయిలో ఎవడో ఆపాడు. లేకపోతే ఆ దుకాణంవాడు ఉత్తరం రెండు రోజులు దాచాడు." ఇలా ఒక్కొక్కరినే అనుమానించుకుంటూ వచ్చాడు. ఇప్పుడు నా దగ్గరికి వస్తాడు, రావాలి, రానీ అనుకున్నాను. వస్తే అంతా కక్కేద్దామనుకున్నాను.

నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీరు ముందే చెప్పారండీ, ఏరోప్లేను ఉత్తరం నిజమేనని. మీ ముద్రని కూడా మాటన్నాను. అందరికంటే నిజం చెప్పింది మీరే. క్షమించండి మూర్తిగారూ."

తల ఊపాను. తల ఊపి ఇంటికొచ్చాను.

అది జరిగి ఐదేళ్ళయింది. ఇప్పటికీ ఆయన కొట్లో కొన్న చక్కెర ఇంట్లో మళ్ళీ తూచుకుంటాడు, మిల్లు కూతని నమ్మడు. నా మాట మాత్రం నమ్ముతాడు. ఉత్తరం డబ్బాలో వేశాక అరుగు మీద కూర్చోవడం మానేశాడు. నా చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. ఒకప్పుడు ఆ చూపు ఒళ్ళు మండించేదని చెప్పాను కదా, ఇప్పుడు అది లేకపోవడం ఎలా ఉంటుందో చెప్పలేను.

హమీదు ఒప్పందం మొన్న సెప్టెంబరుతో తీరింది. అదే నెలలో యుద్ధం మొదలైంది. నిన్న ఇమాం సాహెబ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. గడ్డం పూర్తిగా నెరిసింది.

"ఏవండీ, ఇప్పుడు బయల్దేరితే ఎన్నాళ్ళకి వస్తాడండీ?"

"తెలియదండీ," అన్నాను.

"మీరే తెలియదన్నారంటే, నిజంగానే తెలియదన్నమాట," అని వెళ్ళిపోయాడు.